ఉయ్యాల కింద కంబళి

అనంతపురంలో నాకు చిన్న దర్జీ దుకాణం ఉంది. ధనుర్మాసంలో పెళ్లిళ్లు ఉండవు కనుక మిషను కాస్త ఊపిరి పీల్చుకుంటుంది. ఆ నెలలో శనివారం రాత్రులు నావి. సాయంత్రం దుకాణం మూసి, కళ్యాణదుర్గం వైపు మా బావమరిది చీనీ (బత్తాయి) తోటకు వెళ్లి, గట్టు మీది రెండు వేపచెట్ల మధ్య హ్యామక్ కట్టుకుని పడుకుంటాను. మా ఆవిడ దాన్ని చంటిపిల్లాడి ఉయ్యాల అంటుంది. బావమరిది మొదట చింతచెట్లు చూపించాడు, నీడ బాగుంటుందని. రాత్రిపూట చింతచెట్టు కింద పడుకోవడమేమిటని ఆవిడ ఫోనులోనే కొట్టిపారేసింది. చీనీ చెట్లు నా బరువు మోయలేవు. అలా మిగిలినవి వేపచెట్లు.

మొదటి రాత్రి సంగతి చెప్పాలి. నా దగ్గరున్న చిన్న థర్మామీటరు 13 డిగ్రీలు చూపించింది. అనంతపురం వాడికి 13 అంటే హిమాలయమే. రెండు రగ్గులు కప్పుకున్నాను, మంకీ టోపీ పెట్టుకున్నాను. పదకొండు దాకా హాయిగానే ఉంది. ఒంటిగంటకు వీపు కింద ఎవరో తడిగుడ్డ పరిచినట్టయింది. ఛాతీ మీద చెమట, నడుము కింద చలి. రగ్గు తీసి కిందికి తోసుకున్నాను, తేడా లేదు. మూడు గంటలకు ఓడిపోయి మోటారు కొట్టంలోకి వెళ్లి గోతాల మీద పడుకున్నాను. అక్కడ ఒక్క రగ్గుతోనే నిద్ర పట్టింది. అదే నాకు మింగుడు పడలేదు.

పక్క పొలంలో వేరుశనగ పీకేశాక గొర్రెల మందను ఆపారు. రాత్రిళ్లు మంద పడుకుంటే పొలానికి ఎరువు పడుతుంది. పొద్దున టీ తాగుతూ కాపరి పెద్దాయనతో నా గోడు చెప్పుకున్నాను. ఆయన ఉయ్యాల కింద చెయ్యి పెట్టి చూశాడు. "పైన ఎన్ని కప్పుకుంటే ఏం లాభం నాయనా, నీ వీపు గాలిలో ఉంది కదా" అన్నాడు. తన కంబళిని సగం కిందికి, సగం పైకి మడిచి పడుకుంటాడట.

ముప్పై ఏళ్లుగా గుడ్డతో బతుకుతున్నవాణ్ణి, ఈ మాట నాకు ముందే తట్టాల్సింది. గుడ్డ వేడిని పుట్టించదు. తన పోగుల మధ్య గాలిని కదలకుండా పట్టి ఉంచుతుంది, అంతే. మా అమ్మ పాత చీరలతో కుట్టిన బొంత వెచ్చగా ఉండేది ఆ పొరల మధ్య నిలిచిన గాలి వల్లే. ఒంటి బరువు పడి నలిగితే ఆ గాలి పోతుంది, మిగిలేది వట్టి గుడ్డ. దూది జాకెట్టు వేసుకుని బల్ల మీద మోచెయ్యి ఆనిస్తే అక్కడ మాత్రమే చల్లగా తగులుతుంది కదా, అలాగన్నమాట. నేల మీదైతే కింద గాలి ఆడదు. ఉయ్యాలకు అడుగున రాత్రంతా గాలి పారుతూ ఒంటి వేడిని ఎత్తుకుపోతూనే ఉంటుంది. కాబట్టి వెచ్చని పొర మనిషికీ ఉయ్యాలకూ మధ్య ఉండకూడదు. ఉయ్యాలకు బయట, నలగకుండా వేలాడాలి.

కుట్టడానికి బద్ధకించి ముందు యోగా చాప వేసి చూశాను. ఆ నురుగు నలగదు కనుక పని చేస్తుంది, కాదనను. ఒక్క రాత్రి గడవడానికి అదే సులువు. కానీ పక్కకు తిరిగిన ప్రతిసారీ జారిపోతుంది, భుజాలకు చాలదు, పైగా వీపు చెమటతో తడుస్తుంది.

పెద్దాయన తన దగ్గరున్న పాత కంబళి ఒకటి అమ్మాడు. నల్ల ఉన్నిది, రెండున్నర కిలోలు తూగింది. కొత్తదైతే నేతలో పెట్టిన చింతగింజల గంజికి అట్టలా నిలబడుతుంది, ఒంటి వంపుకు రాదు. పాతది మెత్తబడి ఉంటుంది. ఉన్ని కొంచెం తడిసినా వెచ్చదనం పూర్తిగా పోదు, మంచు పడే రాత్రులకు అదొక ధైర్యం. దాని అంచుకు నాడా పట్టీ వేయబోతే 18 నంబరు సూదులు రెండు విరిగాయి. చివరికి గోతాలు కుట్టే దబ్బనం తీసుకుని చేతికుట్టే వేశాను. కంబళి నేతలోంచి గాలి దూరుతుంది కనుక వెలుపలి వైపు గొడుగు గుడ్డ పొర ఇచ్చాను. రెండు పొడవు అంచుల్లో నాడా, నాలుగు మూలలకు ఎలాస్టిక్ తాళ్లు.

మొదటిసారి వదులుగా కట్టాను. మధ్యలో జానెడు సందు, అందులోంచి గాలి ఈల వేసింది. రెండోసారి పంతానికి బిగించేశాను. పడుకోగానే నా బరువుకు కంబళి నలిగి మళ్లీ అదే చలి. కోటుకు లైనింగు కత్తిరించేటప్పుడు పైగుడ్డ కంటే కొంచెం వదులు ఇస్తాము, లేకపోతే చెయ్యి చాచగానే పట్టేస్తుంది. ఇక్కడా అదే కొలత. లోపల పడుకున్నాక ఎవరినైనా రెండు గుడ్డల మధ్య చెయ్యి దూర్చి చూడమనాలి. తగలాలి, నొక్కకూడదు. ఆ తరువాత తల వైపు, కాళ్ల వైపు నాడా లాగి సంచి మూతిలా కుదించాలి. మెడ దగ్గర నాలుగు వేళ్ల సందు మిగిలినా చలి అక్కడి నుంచే దూరుతుంది.

ఉయ్యాల కట్టే తీరు కూడా ఇందులో భాగమే. నేను తాడు నేలకు 30 డిగ్రీల వాలులో ఉండేటట్టు కడతాను. అప్పుడు ఒక్కో తాడు మీద సుమారు నా బరువంత పడుతుంది. బల్లపరుపుగా లాగి వాలును 10 డిగ్రీలకు తెస్తే అది దాదాపు మూడింతలవుతుంది, వేపకొమ్మతో పందెం వద్దు. కాస్త వదులుగా ఉంటేనే ఐమూలగా పడుకుని వీపు చదును చేసుకోవచ్చు. కంబళి ఆ ఐమూలకే సరిపోవాలి. కాళ్ల వైపు జానెడు ఎత్తు ఉంటే కిందికి జారము.

పైన టార్పాలిన్ వాన కోసమే అనుకునేవాణ్ణి. మబ్బు లేని రాత్రి ఒంటి వేడి నేరుగా ఆకాశంలోకి పోతుంది. పైన కప్పు ఉంటే ఆ నష్టం తగ్గుతుంది, మంచు కూడా రగ్గు మీద పడదు. గాలి వచ్చే వైపు దాన్ని నేల దాకా దించుతాను. బావమరిది ప్రేమకొద్దీ ఉయ్యాల కింద నిప్పుల కుంపటి పెడతానన్నాడు. ఒక్క రవ్వ ఎగిరితే నైలాన్ కరిగి చిల్లు పడుతుంది, పైగా దించిన టార్పాలిన్ లోపల బొగ్గు పొగ ప్రాణానికే ముప్పు. దానికి బదులు స్టీలు సీసాలో వేడినీళ్లు పోసి, మూత గట్టిగా బిగించి, మేజోడులో దూర్చి తొడల మధ్య పెట్టుకుంటాను. పడుకోబోయే ముందు గుప్పెడు వేయించిన వేరుశనగ బుడ్డలు, బెల్లం ముక్క. ముక్కు మాత్రం రగ్గు బయటే ఉండాలి, లోపల ఊపిరి వదిలితే తెల్లారేసరికి గుడ్డ చెమ్మగిల్లుతుంది.

మొన్న శనివారం కూడా థర్మామీటరు 13 దగ్గరే ఉంది. నాలుగున్నరకు మెలకువ వచ్చింది, చలికి కాదు, కరెంటు వచ్చి మోటారు మోగినందుకు. వీపు వెచ్చగా ఉంది. పాదాలు మాత్రం ఇంకా చల్లబడుతున్నాయి, కంబళి అక్కడికి రెండు జానలు తక్కువైంది. సంక్రాంతి దాటాక గండికోట వైపు వెళ్లాలని ఉంది. పెన్నా లోయ అంచున గాలి మా తోటలో వీచినట్టు మెల్లగా వీస్తుందని నేను అనుకోవడం లేదు. ఆలోపు కాళ్ల వైపు ఒక తొడుగు కుట్టాలి. గొడుగు గుడ్డ ఇంకా రెండు మీటర్లు మిగిలి ఉంది.