వెనుక యాక్సిల్ ఆయిల్ సీళ్లు: రెండోసారి విప్పాక తెలిసిన కారణం

నా ఆఫ్‌రోడ్ బండి ఎడమ వెనుక చక్రం లోపలి అంచున నల్లటి తడి మొదట కనిపించినప్పుడు బ్రేక్ ఆయిల్ కారుతోందని అనుకున్నాను. వేలితో తాకితే చిక్కగా, జిడ్డుగా ఉంది. గంధకం కలిసిన ఘాటైన వాసన వచ్చింది. బ్రేక్ ఆయిల్ పలుచగా ఉండి నీళ్లలో కలిసిపోతుంది, ఇది కలవలేదు. డ్రమ్ము విప్పేసరికి బ్రేక్ షూల లైనింగు సగం మేర గేర్ ఆయిల్‌లో నాని ఉంది. కొన్ని రోజులుగా బ్రేకు వేసినప్పుడల్లా బండి ఒక పక్కకు ఎందుకు లాగుతోందో అప్పుడు అర్థమైంది.

ఆ వైపు సీల్ (తిరిగే షాఫ్టు చుట్టూ ఉండి ఆయిల్‌ను లోపలే ఆపే రబ్బరు వలయం) ఒక్కటీ మార్చి, పని అయిపోయిందనుకున్నాను. మూడు వారాల తరువాత, ఒక వాగు దాటి, బురద దారిలో చాలాసేపు తిరిగి వచ్చిన రోజున, కొత్త సీల్ దగ్గర మళ్లీ తడి కనిపించింది. అంతవరకు పొడిగా ఉన్న కుడి వైపు కూడా కారడం మొదలైంది. రెండు చివరలా ఒకేసారి కారుతోందంటే లోపం సీళ్లలో కాక రెండింటికీ ఉమ్మడిగా ఉన్న చోట వెతకాలని నాకు తోచింది. యాక్సిల్ ఇంకా వెచ్చగా ఉండగానే డిఫరెన్షియల్‌లో (యాక్సిల్ మధ్యనున్న గేర్ల భాగం) ఆయిల్ పోసే ప్లగ్గును మెల్లగా వదులు చేస్తే, లోపలి గాలి బుస్సుమని బయటికి వచ్చింది.

ఆ శబ్దంతో నా చూపు హౌసింగ్ (యాక్సిల్‌ను కప్పి ఉంచే లోహపు గుల్ల) పైనున్న బ్రీదర్ మీదికి వెళ్లింది. యాక్సిల్ వేడెక్కినప్పుడు వ్యాకోచించే గాలి బయటికి పోవడానికి ఉన్న చిన్న దారి అది. నా బండిలో ఎండిన బురద దాన్ని పూర్తిగా మూసేసింది. గొట్టం తగిలించి నోటితో ఊదినా గాలి కదలలేదు. దారి మూసుకున్న హౌసింగులో గాలి 20 డిగ్రీల సెల్సియస్ నుంచి 80 డిగ్రీలకు చేరితే పీడనం దాదాపు ఐదో వంతు పెరుగుతుంది, ఆ ఒత్తిడే ఆయిల్‌ను సీల్ పెదవి (షాఫ్టును తాకే లోపలి అంచు) దాటించి బయటికి నెడుతుంది. వేడిగా ఉన్న యాక్సిల్ చల్లటి వాగులో దిగినప్పుడు దీనికి సరిగ్గా వ్యతిరేకం జరుగుతుంది: లోపలి గాలి కుంచించుకుపోయి, అదే సీల్ గుండా నీటిని లోపలికి పీల్చుకుంటుంది. నేను దింపిన ఆయిల్ పాలు కలిపినట్టు తెల్లబారి ఉండటానికి కారణం అదే.

ఈసారి రెండు వైపులా విప్పాను. ముందు చక్రాలకు అడ్డు చెక్కలు పెట్టి, హౌసింగ్ కింద రెండు స్టాండ్లు నిలిపిన తరువాతే హ్యాండ్‌బ్రేక్ వదిలాను, ఎందుకంటే అది వదలకపోతే డ్రమ్ము రాదు. నా బండిది సెమీ ఫ్లోటింగ్ యాక్సిల్, అంటే బండి బరువును కూడా షాఫ్టులే మోసే రకం. బేరింగ్ షాఫ్టుకే బిగించి ఉంటుంది, సీల్ దానికి లోపలి వైపున హౌసింగ్ గొట్టంలో కూర్చుంటుంది. బేరింగును పట్టి ఉంచే ప్లేటు నాలుగు నట్లు తీసి, షాఫ్టును వంకర పోకుండా నేరుగా బయటికి లాగాను. బ్రేక్ ప్లేటు బరువు సన్నటి బ్రేక్ పైపు మీద పడకుండా ఒక నట్టును వెంటనే తిరిగి వదులుగా ఎక్కించాను. ఈ చిన్న జాగ్రత్త మరిచిపోతే పైపు వంగి, లేని సమస్య ఒకటి కొత్తగా వస్తుంది.

ఎడమ షాఫ్టును తుడిచి చూస్తే, సీల్ పెదవి తిరిగే చోట చుట్టూ గాడి పడి ఉంది. గోరు దానిలో తట్టుకుంటోంది. మొదటిసారి నేను దీన్ని గమనించనే లేదు, ఆ పొరపాటు పూర్తిగా నాదే. అలాంటి గాడి మీద ఎంత మంచి సీల్ అయినా నిలవదు. గాడి లోతుగా ఉంటే షాఫ్టు మీదికి పలుచటి ఉక్కు తొడుగు ఎక్కించాలి. నా షాఫ్టుకు పడింది పైపైన గాడే, సీల్ గూటిలో చోటు కూడా ఉంది కాబట్టి, కొత్త సీల్‌ను పాతదాని కంటే 2 మిల్లీమీటర్లు బయటికి కూర్చోబెట్టాను. పెదవి ఇప్పుడు అరగని నునుపు భాగం మీద తిరుగుతోంది. బేరింగులు చేత్తో తిప్పితే గరగర లేదు, ఊగులాట లేదు, వాటిని అలాగే ఉంచాను.

సీల్ లోపలి చిన్న స్ప్రింగు ఆయిల్ ఉన్న వైపుకే తిరిగి ఉండాలి. పెదవికి గ్రీసు రాసి, సీల్ వ్యాసానికి సరిపడే గొట్టాన్ని ఆన్చి, చుట్టూ సమంగా దిగేలా మెల్లగా కొట్టాను. అన్నిటికంటే ఎక్కువ సమయం తీసుకున్నది షాఫ్టును తిరిగి లోపలికి పంపడమే. చివరనున్న స్ప్లైన్ల (గేరులో ఇమిడే పొడవాటి పళ్లు) పదునైన అంచులు పెదవిని రవ్వంత చీల్చినా పనంతా వృథా అవుతుంది కాబట్టి, షాఫ్టు బరువు సీల్ మీద పడకుండా రెండు చేతులతో మోస్తూ లోపలికి జరిపాను. ఆయిల్‌లో నానిన షూలను కడిగి వాడటం నాకు సమ్మతం కాదు. రెండు చక్రాలకూ కొత్తవి వేసి, డ్రమ్ములను బ్రేక్ క్లీనరుతో తుడిచాను.

బ్రీదర్ స్థానంలో ఆయిల్‌ను తట్టుకునే రబ్బరు గొట్టం బిగించి, దాని పై కొసను వాగు నీరు అందని ఎత్తున, ఇంజన్ గదిలో పైభాగాన కట్టాను. యాక్సిల్ పైకీ కిందికీ ఊగినప్పుడు గుంజుకోకుండా మధ్యలో కొంత వదులు ఉంచాను. తరువాత బండిని సమతలం మీద నిలిపి, తయారీదారు చెప్పిన జీఎల్-5 రకం 80డబ్ల్యూ-90 చిక్కదనం గల గేర్ ఆయిల్‌ను పోసే రంధ్రం కింది అంచు వరకు నింపాను. మళ్లీ అదే వాగు దాటి వచ్చిన సాయంత్రం, యాక్సిల్ వేడిగా ఉండగానే ప్లగ్గు వదులు చేసి చూశాను. గాలి బుసకొట్టలేదు, రెండు బ్రేక్ ప్లేట్ల వెనుకా దుమ్ము పొడిగానే ఉంది.