హంద్రీ పక్క కాలనీలో జోన్ మార్పు: నా అనుభవం

కర్నూలులో హంద్రీ నదికి దగ్గరగా ఉన్న మా కాలనీ పెద్ద రోడ్డును నివాస జోన్ నుంచి మిశ్రమ వినియోగానికి మార్చే ప్రతిపాదన ఉందని పత్రికలో ప్రకటన పడింది. కింద దుకాణాలు, పైన ఫ్లాట్లు కట్టుకోవచ్చన్నమాట. ప్రకటనలో సర్వే నంబర్లు, అభ్యంతరాలకు గడువు మాత్రమే ఉన్నాయి. ఆ సాయంత్రానికే కాలనీలో రెండు పక్షాలు తయారయ్యాయి. అయిదు సెంట్ల స్థలం, అంటే 242 గజాలు ఉన్నవాళ్లు బిల్డరుకు ఇచ్చి చెరి సగం ఫ్లాట్లు తీసుకుందామన్నారు. మిగతావాళ్లు నీళ్లు చాలవు, బండ్లు పెట్టుకోను చోటుండదు అన్నారు. పెద్దాసుపత్రిలో పనిచేస్తూ మా వీధిలో అద్దెకు ఉంటున్న నర్సులను మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు. ఫ్లాట్లు వస్తే ముందుగా ఊరట దొరికేది వాళ్లకే.

వార్డు సచివాలయంలో ప్రణాళిక కార్యదర్శిని కలిశాను. ఓపికగా మాట్లాడాడు. "మేడం, నోటిమాటగా ఎంత చెప్పినా ఫైలులోకి ఎక్కదు. రాసివ్వండి, ముద్ర వేయించుకోండి" అన్నాడు. పటం చూడడానికి టౌన్ ప్లానింగ్ విభాగానికి వెళ్లాను. పటంలో మా రోడ్డు వెడల్పు 40 అడుగులు. ఇంటికి వచ్చి, పక్కింటి అబ్బాయి టేపు పట్టుకోగా కొలిచాను. ఇళ్ల ముందు మెట్లు, ర్యాంపులు పోను వాడుకలో ఉన్నది 28 అడుగులే. కట్టడం ఎంత ఎత్తు లేపొచ్చో, ముందు ఎంత ఖాళీ స్థలం వదలాలో చాలావరకు రోడ్డు వెడల్పును బట్టి నిర్ణయమవుతాయి. అందుకే ఆ తేడాను వదిలేయడానికి మనసొప్పలేదు.

సంఘం సమావేశంలో అప్పటికే ఒక వినతిపత్రం సిద్ధంగా ఉంది. అంతస్తులు పెరగడమే వద్దని దాని సారాంశం. సంతకం చేయలేనన్నాను. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ కలిసి ఊరి మీద పడినప్పుడు, కింది ఇళ్లవాళ్లం ఎక్కడ తలదాచుకున్నామో అక్కడున్న అందరికీ తెలుసు. ఎదురింటి మేడ మీదే. పై అంతస్తు లేని ఇళ్లలో బియ్యం, పట్టాలు, పిల్లల సర్టిఫికెట్లు అన్నీ బురదపాలయ్యాయి. వరదలో మునిగే చోట కింద బండ్లకు వదిలి పైన కాపురాలు పెట్టడం తప్పెలా అవుతుందని అడిగాను.

"అమ్మా, మేడ సరే. నాలుగు కుటుంబాలున్న చోట ఇరవై కుటుంబాలు చేరితే మురుగు ఎటు పోతుంది?" అన్నారు పక్కవీధి పెద్దాయన. అది అసలైన ప్రశ్న. మా కాలువ ఇప్పుడే చిన్న వానకు పొంగుతుంది. దాన్ని పెంచకుండా అనుమతులిస్తే ముందు మునిగేది వెనక సందుల్లోని రేకుల ఇళ్లు. ఊరి చివర పొలాల్లో లేఅవుట్లు వేసి, అంత దూరం పైపులు లాగే బదులు ఊరి మధ్యనే ఇళ్లు పెంచడం మంచిదని నేను గట్టిగా నమ్ముతాను. కాలువ సంగతి తేల్చకుండా మాత్రం వద్దు.

అందుకే విడిగా రాశాను. మార్పు పెద్ద రోడ్డు వరకే ఉండాలి, లోపలి సందులకు వద్దు. ఆక్రమణలు తొలగించి 40 అడుగులు చూపించాకే అనుమతులివ్వాలి. కింది భాగం బండ్లకే వదలాలి. కాలువ విస్తరణకు ముందు డబ్బు కేటాయించాలి. కొలతల పట్టీ జత చేశాను. మా సొంత ఇంటి ర్యాంపు కూడా అందులో ఉంది. పెద్దాయన, అద్దెకుండే ఇద్దరు నర్సులు సంతకాలు చేశారు. ఆఫీసులో అర్జీలు తీసుకునే ఇన్‌వార్డులో ఇచ్చి, నకలు మీద ముద్ర, తేదీ వేయించుకున్నాను.

విచారణకు పిలిచినప్పుడు ఎక్కువసేపు నడిచింది రోడ్డు కొలతల మీదే. చివరి ఉత్తర్వులో లోపలి సందులను మినహాయించారు. కాలువ ప్రస్తావన లేదు. దాని విస్తరణ ఖర్చు అంచనా ఏ దశలో ఉందో చెప్పమని సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టాను. 30 రోజుల్లో జవాబివ్వాలి. మా ర్యాంపు మాత్రం కొట్టించేశాం. పక్కింటివాళ్లు కూడా మేస్త్రీని పిలిచారు.