నడిస్తే తగ్గే నడుంనొప్పి

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో మా కొబ్బరి తోట చాలావరకు నేలకొరిగింది. పడిన చెట్లు కోసి, మొద్దులు మోసీ మోసీ ఊళ్లో అందరికీ నడుములు పట్టేశాయి. నాకూ పట్టేసింది. అప్పుడు నాకు 26 ఏళ్లు. అందరికీ తగ్గింది, నాకు తగ్గలేదు.

నా నొప్పి తీరు వేరు. పగలు పనిలో ఉన్నంతసేపూ ఫర్వాలేదు. రాత్రి మూడింటికి పిరుదుల లోపల సలుపుతో మెలకువ వచ్చేది. ఒకరోజు కుడివైపు, ఇంకోరోజు ఎడమవైపు. తెల్లారాక ఒళ్లు సాగడానికి గంట పట్టేది. గోడ పట్టుకుని లేస్తుంటే అమ్మ “ఏట్రా, ముసలోడిలాగ లెగుస్తున్నావు” అని కళ్లనీళ్లు పెట్టుకునేది. వెళ్లిన చోటల్లా డిస్కు అన్నారు, బెల్టు ఇచ్చారు, మంచం దిగొద్దన్నారు. పడుకున్నకొద్దీ ఇంకా బిగుసుకుపోయేవాణ్ని. ఆ మాట చెప్తే వినేవాళ్లు లేక మూడేళ్లు పోయాయి. ఆ మూడేళ్లు తలచుకుంటే ఇప్పటికీ బాధే.

2021 చివర్లో ఎడమ కన్ను ఎర్రబడి, వెలుతురు చూడలేకపోయాను. కంటి డాక్టరమ్మ చుక్కల మందు రాస్తూ “నడుంనొప్పి ఉందా బాబూ?” అని అడిగారు. ఆవిడే విశాఖలో రుమటాలజిస్టు, అంటే కీళ్లవాతం డాక్టరు దగ్గరికి పంపారు. వెన్నెముక అడుగున తుంటి ఎముకల్ని కలిసే కీళ్లలో వాపు ఉందని ఎమ్మారైలో తేలింది. హెచ్‌ఎల్‌ఏ-బి27 పాజిటివ్, అంటే ఇలాంటి వాపు ఉన్నవాళ్లలో ఎక్కువగా కనిపించే జన్యువు నాకూ ఉంది. జబ్బు పేరు యాంకిలోజింగ్ స్పాండిలైటిస్. ఇది ఉన్నవాళ్లకి కంట్లో కూడా వాపు రావచ్చు, అందుకే కంటి డాక్టరమ్మ నడుం గురించి అడిగారు. వదిలేస్తే వెన్నుపూసలు ఒకదానికొకటి అతుక్కుపోవచ్చు. పూర్తిగా పోయేది కాదు, అదుపులో పెట్టుకోవచ్చు అన్నారు.

దీనికి ముందుగా ఇచ్చే మందు నొప్పి బిళ్లే. అది వినగానే గుండె జారిపోయింది. మాది ఉద్దానం. మా పెదనాన్న సోంపేటలో డయాలసిస్ చేయించుకుంటూనే పోయాడు. మా దగ్గర కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో ఇంకా తేలలేదు గానీ, నొప్పి బిళ్లలు కిడ్నీలకి మంచివి కావని ఇంటింటా తెలుసు. తెలిసి కూడా నేను మందుల షాపులో అడిగి రోజుకి రెండేసి మింగాను. అది దాచకుండా చెప్పాను. ముందు కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ చూశారు, 1.0 వచ్చింది, మామూలుగానే ఉంది. అప్పటినుంచి రాసిన బిళ్ల, రాసిన డోసు, అంతే. మూడు నెలలకోసారి రక్తం, మూత్రం పరీక్ష. అంకెలన్నీ నోటు పుస్తకంలో రాసుకుంటాను.

ఇక వ్యాయామం. దాన్ని కూడా మందులాగే చూస్తాను. ఐదింటికి లేచి వేడినీళ్లు పోసుకుంటాను. పావుగంట బోర్లా పడుకుంటాను. పక్కటెముకలు సాగేలా ఊపిరి నిండా పీలుస్తాను. తర్వాత మడమలు, వీపు గోడకి ఆనించి నిలబడతాను. తల వెనకభాగం గోడకి తగలాలి. మొదట్లో రెండు వేళ్ల సందు ఉండేది, ఇప్పుడు తగులుతోంది. సిగరెట్లు మానేశాను. కొన్ని వారాలు నొప్పి తిరగబెడుతుంది. అప్పుడు కూడా మెల్లగానైనా నడుస్తాను.

మొన్న తెల్లవారుజామున తమ్ముడు పెరట్లో అటూఇటూ తిరుగుతూ కనిపించాడు. వాడికి 23.

“నడుస్తుంటే తగ్గుతోందా?” అన్నాను.

తలూపాడు. సోమవారానికి ఇద్దరికీ విశాఖ టికెట్లు తీశాను.