ఐయూఐ దాటి ఇక్సీ దాకా

పెళ్లయి ఏళ్లు గడిచినా నెల తప్పలేదు. నాకు పీసీఓఎస్, అంటే అండాలు సరిగ్గా విడుదల కాని హార్మోన్ల సమస్య అని తేలగానే లోపమంతా నాలోనే ఉందని ఇంట్లో అందరూ ఖాయం చేసేశారు. హెచ్‌ఎస్‌జీ అనే ఎక్స్‌రేలో అండం వచ్చే ట్యూబులు బాగానే ఉన్నాయి, ఐయూఐ అనే చికిత్స చేద్దామన్నారు డాక్టర్లు.

నెలసరి రెండో రోజు నుంచి ఐదు రోజులు అండం ఎదగడానికి లెట్రోజోల్ మాత్రలు, తర్వాత రోజు విడిచి రోజు స్కాన్. ఫాలికిల్, అంటే అండం పెరిగే సంచి, 18 మిల్లీమీటర్లు దాటాక అండం విడుదలయ్యేందుకు రప్చర్ ఇంజెక్షన్. ఆ మర్నాడో ఆ పైరోజో మా ఆయన వీర్యం శాంపిల్‌ని ల్యాబ్‌లో కడిగి, చురుకైన వీర్యకణాల్ని సన్నటి గొట్టంతో గర్భసంచిలోకి వదిలేవారు. మత్తు అక్కర్లేదు, నిమిషాల్లో అయిపోతుంది. ఆ తర్వాతి రెండు వారాలే గడవవు. నెలసరి వచ్చిన ప్రతిసారీ బాత్రూంలో కుళాయి తిప్పేసి ఏడ్చేదాన్ని.

చివరికి ఇంకో డాక్టరమ్మ దగ్గరికెళ్లాం. ఆవిడ ఫైలంతా తిరగేసి, "కడిగాక కదిలే కణాలు ఎన్ని మిగిలాయో ఎక్కడా రాయలేదేంటమ్మా?" అన్నారు. మళ్లీ పరీక్ష చేయిస్తే 10 లక్షలు కూడా లేవు. కనీసం 50 లక్షలైనా ఉంటే ఐయూఐ మీద ఆశ పెట్టుకోవచ్చట, ఇంత తక్కువైతే కష్టమట. ఆ ఒక్క అంకె మొదటి ఆస్పత్రివాళ్లు చూసుంటే నాకు అన్ని మందులూ, అంత ఏడుపూ ఉండేవి కావు. ఆ కోపం నాకింకా తగ్గలేదు.

ఐవీఎఫ్ అంటే అండాల్ని బయటికి తీసి ల్యాబ్‌లో పిండం చేయడం. మామూలు ఐవీఎఫ్‌లో అండం చుట్టూ వేలకొద్దీ కణాల్ని వదిలితే వాటిలో ఒకటి తనంతట తానే లోపలికి వెళ్లాలి. అందులోనే ఇంకో రకమైన ఇక్సీలో ఒక్క కణాన్ని ఎంచి సూదితో అండంలోకే పంపుతారు. మాకు ఇక్సీయే దారి అన్నారు. మగవాళ్ల రిపోర్టు బాగుంటే మాత్రం ఇక్సీతో ప్రత్యేకంగా ఒరిగేదేమీ లేదని కూడా ఆవిడే చెప్పారు. అలా చెప్పేవాళ్లు దొరకడం అదృష్టం.

రోజూ పొట్ట మీద ఇంజెక్షన్లు నేనే చేసుకున్నాను. మత్తిచ్చి అండాలు తీశాక పొట్ట డోలులా ఉబ్బి, చీర కట్టుకోలేక నైటీల్లోనే ఉండిపోయాను. పీసీఓఎస్ ఉన్నవాళ్లకి ఓవరీలు వాచి నీరు చేరే ప్రమాదం ఎక్కువ కాబట్టి పిండాల్ని ఫ్రీజ్ చేశారు. ఒళ్లు కుదుటపడ్డాక, వేరే నెలలో, ఒక్కటే పెట్టారు. గర్భం నిలిచిందో లేదో చెప్పే రక్తపరీక్ష, బీటా హెచ్‌సీజీ రిపోర్టు ఫోన్లో మా ఆయనే ముందు చూశారు. నోట మాట రాక ఫోన్ నా చేతిలో పెట్టేశారు.

పాపకిప్పుడు పళ్లొస్తున్నాయి. మా పిన్ని కూతురికి మొన్న ఐయూఐ చెప్పారట. ముందు మరిదిగారి రిపోర్టు ఫొటో తీసి పంపమన్నాను.