చీరల షాపు సంచిలో నాన్న ఆరోగ్యం

మా ఇంట్లో నాన్న ఆరోగ్యమంతా ఒక చీరల షాపు సంచిలో ఉండేది. బీరువా పైన, పాత దిండు కింద. డెబ్బై రెండేళ్ల మనిషి స్కానింగులు, రక్త పరీక్షలు, మందుల చీటీలు, మధ్యలో ఎందుకో ఒక గ్యాస్ బిల్లు. డాక్టరు దగ్గరికి వెళ్లాల్సి వస్తే ఆ సంచి మొత్తం పట్టుకెళ్లి బల్ల మీద కుమ్మరించేవాళ్లం, ఆయనే వెతుక్కుంటారులే అన్నట్టు.

పోయిన కార్తీకంలో ఒకరోజు తెల్లవారుజామున నాన్న బాత్‌రూమ్‌లో కళ్లు తిరిగి పడ్డారు. అదృష్టం బాగుండి ఆ వారం నేను తెనాలిలోనే ఉన్నాను. ఆసుపత్రికి తీసుకెళితే బీపీ బాగా పడిపోయి 90/60 ఉంది. "ఏం మందులు వాడుతున్నారండీ?" అని డ్యూటీ డాక్టరమ్మ అడిగితే నాన్న, "పొద్దున తెల్ల బిళ్ల ఒకటమ్మా, ఇంకోటి కూడా తెల్లదే, కాస్త పొడుగ్గా ఉంటుంది, రాత్రికి గులాబీ రంగుది" అన్నారు. ఆవిడ నా వైపు చూసింది. ఆఫీసులో ఏ సర్వర్ ఎప్పుడు పడిపోయిందో నిమిషాలతో సహా చెబుతాను నేను. నాన్న వేసుకునే బిళ్ల పేరు ఒక్కటి చెప్పలేకపోయాను.

అమ్మ ఇంటి నుంచి మందుల డబ్బా పంపించాక ఆ డాక్టరమ్మ రెండు షీట్లు పక్కపక్కన పెట్టి చూపించింది. ఒకదాని బ్రాండు పేరు 'టెల్' అని మొదలవుతుంది, రెండోదానికి దాంతో పోలికే లేదు. కింద అసలు పేరు మాత్రం రెండింటి మీదా ఒకటే, టెల్మిసార్టాన్ 40, బీపీ తగ్గించే మందు. ఒకటి మా ఊరి డాక్టరు గారు ఏళ్ల కిందట రాసింది, ఇంకొకటి అంతకు ఆరు వారాల ముందు నేను హైదరాబాద్‌లో చూపించినప్పుడు రాసింది. అంటే నాన్న రోజూ రెండింతల మందు మింగుతున్నారు. పొటాషియం కూడా కాస్త పెరిగిందని పరీక్షలో తేలింది.

తప్పు ఎవరిదని ఇంట్లో పెద్ద పంచాయితీ జరిగింది. మా బాబాయి హైదరాబాద్ డాక్టరుని తిట్టారు, అమ్మ తెనాలి డాక్టరుని. నాకు గుర్తొచ్చింది మాత్రం ఆ రోజు హైదరాబాద్‌లో ఆయన "ఇప్పటికే ఏమైనా వాడుతున్నారా?" అని అడిగిన మాట, "బీపీకి ఏదో వాడుతున్నారండీ" అని నేను చెప్పిన జవాబు. 'ఏదో' అట. పాతది ఆపమని ఆయన చెప్పలేదు, నిజమే, కానీ పాతది ఏమిటో ఆయనకి తెలిస్తే కదా! తెనాలి ఆయనకి హైదరాబాద్ సంగతి తెలియదు, హైదరాబాద్ ఆయనకి తెనాలి సంగతి తెలియదు, రెండు చోట్లా ఉన్నది మేమే.

ఆ రాత్రే కూర్చుని సంచి మొత్తం నేల మీద పరిచాను. సగం ఈసీజీలు తెల్లబడి ఉన్నాయి. ఆ కాగితం వేడికి గీతలు పడే రకం, కొన్నాళ్లకి మాసిపోతుంది, తెచ్చిన రోజే జిరాక్స్ తీయించి ఫోన్‌లో ఫొటో కూడా పెట్టుకోవాలట. ఇంకో తలనొప్పి కత్తిరించిన షీట్లు. ఐదు బిళ్లలు చాలంటే మెడికల్ షాపులో కత్తెరతో కోసి ఇస్తారు, పేరూ ఎక్స్‌పైరీ డేటూ ఉన్న ముక్క షాపులోనే ఉండిపోతుంది. ఇప్పుడు పూర్తి షీటే కొంటున్నాను, లేదంటే పేరున్న వైపు అడిగి తీసుకుంటున్నాను. బ్రాండు పేరు చివర ఏఎం అని ఉంటే చాలావరకు ఆమ్లోడిపిన్ అనే ఇంకో బీపీ మందు కలిసిందని, హెచ్ అని ఉంటే నీరు తీసే మందు కలిసిందని కూడా అప్పుడే తెలిసింది. ఇంత తెలిసింది కదా అని నేనే ఏదీ ఆపను, ఫోన్ చేసి అడుగుతాను.

నాన్న రెండేళ్ల కిందట ఒక ఆసుపత్రిలో నాలుగు రోజులున్నారు, దాని కాగితాలేవీ సంచిలో లేవు. వెళ్లి కేస్ షీట్ కాపీ అడిగితే "ఇప్పుడు అదెందుకండీ మీకు?" అన్నారు కౌంటర్లో. ఆసుపత్రిలో చేరిన రోగి రికార్డులు మూడేళ్లు ఉంచాలని, అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని వైద్య మండలి 2002 నిబంధనల్లోనే ఉంది. అదే ఒక తెల్ల కాగితం మీద రాసి, అందినట్టు సంతకం చేయమన్నాను. మూడో రోజు ఇచ్చారు, మొహం మాడ్చుకునే అయినా. ఆరోగ్య రికార్డుల కోసం ప్రభుత్వం ఇచ్చే పద్నాలుగు అంకెల ఆభా నంబరు కూడా తీయించాను, కానీ దానికి లింక్ చేసిన రికార్డులే అందులో కనిపిస్తాయి. సంచిలో పడున్న పాత కాగితాలు వాటంతట అవి అందులోకి పోవు కదా.

ఇవన్నీ చేస్తుంటే మా ఆవిడ నింపాదిగా "మరి మీవో?" అంది. ఆఫీసు వాళ్లు ఏటా చేయించే చెకప్ రిపోర్టులు మెయిల్లోనే పడి ఉన్నాయి, తెరిచిన పాపాన పోలేదు. మూడు నెలల సగటు చక్కెర చెప్పే హెచ్‌బీఏ1సీ వరసగా మూడేళ్లు 5.8, 6.1, 6.4. ఏటా ఎవరో ఫోన్ చేసి "బార్డర్‌లోనే ఉంది సార్, కంగారేం లేదు" అంటారు, నేనూ హమ్మయ్య అనుకుంటాను. 6.5కి చేరితే షుగరే. చెప్పేవాళ్లకి ఆ ఏటి అంకె ఒక్కటే కనపడుతుంది, మూడూ ఉన్నది నా మెయిల్లో. మర్నాడే అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. మందులు మొదలవలేదు గానీ రాత్రి అన్నం సగానికి తగ్గింది, పొద్దున నడక మొదలైంది. (నాన్న రిపోర్టులు ఫ్యామిలీ గ్రూపులో పెట్టి కాకరకాయ రసం సలహాలు తెచ్చుకున్నది నేనే కాబట్టి, నావి మాత్రం పెట్టలేదు.)

ఇప్పుడు నాన్న చొక్కా జేబులో ఒక కాగితం ఉంటుంది. మందు అసలు పేరు, ఎంత డోసు, ఏ పూట, ఎవరు రాశారు, ఎప్పటి నుంచి, అంతే. దాని కింద, ఒంటికి పడని మందులు, బ్లడ్ గ్రూపు, నా నంబరు. మొత్తం ఐదు మందులు. డాక్టరు దేన్నైనా మారిస్తే పాతది కొట్టేసి తేదీ వేయమని చెప్పాను, పెద్ద పట్టించుకోరనుకున్నాను.

మొన్న ఉగాదికి వెళ్లినప్పుడు తీసి చూస్తే కింద ఆయన చేతిరాతతో ఆరో వరస ఉంది. రాత్రి పడుకునే ముందు, గోరువెచ్చటి నీళ్లతో, త్రిఫల చూర్ణం, ఒక చెంచా.

"ఇదెప్పటి నుంచి నాన్నా?"

"మీ అక్క పెళ్లికి ముందు నుంచీ వేసుకుంటున్నానురా."

అక్క పెళ్లై పదకొండేళ్లు.

"మరి ఏ డాక్టరుకీ చెప్పలేదే?"

"వాళ్లు బిళ్లల గురించే కదరా అడిగింది."