మూడు దారుల మెట్లు

న్యూయార్క్ రేవులో, ఒకప్పుడు ఓడల్లో వచ్చిన వలసదారులను పరీక్షించిన దీవి ఎల్లిస్ ఐలాండ్. దగ్గర్లోదే లిబర్టీ విగ్రహం ఉన్న లిబర్టీ ఐలాండ్. అక్కడికి వెళ్లేవాళ్లకు నేనిచ్చే మొదటి సలహా: న్యూజెర్సీ వైపు నుంచి పడవెక్కండి. మన్‌హాటన్‌లోని బ్యాటరీ పార్కు దగ్గర క్యూ పొడుగు. పైగా దారిలో ఆపి టికెట్లు అంటగట్టేవాళ్లుంటారు. వాళ్లమ్మే పడవలు చాలావరకు దీవుల చుట్టూ తిప్పి తీసుకొచ్చేస్తాయి, దింపవు. దీవుల్లో దింపే అనుమతి ఉన్న పడవ సంస్థ ఒక్కటే. ముందుగానే ఆన్‌లైన్‌లో టికెట్ కొనుక్కుని, జెర్సీ సిటీలోని లిబర్టీ స్టేట్ పార్కు నుంచి పొద్దున్నే తొలి పడవ పట్టుకోండి. ఒకే టికెట్‌తో రెండు దీవులూ చూడొచ్చు. ఎక్కేముందు విమానాశ్రయంలో లాగే సోదా ఉంటుంది.

పడవకు టైముంటే పక్కనే ఉన్న పాత రైల్వే టెర్మినల్ వెనక్కి నడవండి. 1889లో కట్టిన స్టేషన్ అది. ఎల్లిస్ ఐలాండ్‌లో పాసైన వాళ్లలో చాలామంది పడవ దిగి, తిన్నగా ఇక్కడే రైలెక్కి లోపలి రాష్ట్రాలకు పోయారు. 1967లో మూతపడింది. ముందరి హాలును చక్కగా బాగుచేశారు. వెనక ప్లాట్‌ఫారాల షెడ్డును మాత్రం అలాగే వదిలేశారు. కంచె ఇవతల నిలబడి చూస్తే తుప్పు పట్టిన ఇనుప స్తంభాలు, పట్టాలుండాల్సిన చోట పిచ్చిమొక్కలు.

ఈ వైపు నుంచి వెళ్తే పడవ ముందు ఎల్లిస్ ఐలాండ్‌లో ఆగుతుంది. 1892 నుంచి 1954 దాకా ఈ దీవి గుండా దాదాపు కోటీ 20 లక్షల మంది దేశంలోకి వచ్చారు. ఒక్క 1907లోనే పది లక్షలు దాటారు. ఫస్ట్, సెకండ్ క్లాసు వాళ్లను ఓడలోనే చూసి పంపేసేవారు. ఇక్కడికి తెచ్చేది అడుగు తరగతి ప్రయాణికులనే. కింద సామాన్ల గది, పైన రిజిస్ట్రీ హాలు. మధ్య మెట్లెక్కేటప్పుడే పరీక్ష మొదలయ్యేది. ఎవరు ఆయాసపడుతున్నారో, ఎవరు కుంటుతున్నారో డాక్టర్లు పైనుంచి గమనించేవారు. ఒక్కొక్కరికి పట్టేది కొన్ని క్షణాలే. అనుమానం వస్తే కోటు మీద సుద్దముక్కతో ఒక అక్షరం: గుండెకు హెచ్, కుంటుతుంటే ఎల్, కంటికి ఇ, బుద్ధిమాంద్యమనుకుంటే ఎక్స్. కోటు తిరగేసి తొడుక్కుని తప్పించుకున్నవాళ్లూ ఉన్నారు. ట్రకోమా అనే అంటు కంటిజబ్బు ఉందేమో చూడ్డానికి కనురెప్పను బూట్ల గుండీలు పెట్టుకునే కొక్కెంతో వెనక్కి తిప్పేవారు. మ్యూజియంలో ఆ కొక్కేన్ని చూడకుండా రావద్దు. అరచేతిలో ఇమిడిపోయే వస్తువే, అయినా దాని ముందు కళ్లు వాటంతటవే మూసుకుంటాయి.

హాలు చివర దిగే మెట్లు మూడు దారులుగా చీలుతాయి. ఒకటి రైళ్లకు, ఒకటి న్యూయార్క్ పడవకు, నడిమిది ఆపేసినవాళ్ల గదులకు. ఎక్కువమందికి ఈ తంతు కొన్ని గంటల్లో ముగిసేది. వెనక్కి పంపింది నూటికి ఇద్దరిని. ఆ ఇద్దరి బాధ తక్కువది కాదు. కానీ జవాబు అవునైనా కాదైనా, చాలామందికి అదే రోజు తెలిసేది. అమెరికాలో పుట్టిన తెలుగు బిడ్డగా ఈ మెట్ల దగ్గర నేను ఎక్కువసేపు నిలబడింది అందుకే. ఉద్యోగం మీద ఇచ్చే గ్రీన్‌కార్డులు ఏడాదికి సుమారు 1,40,000. ఏ దేశానికైనా అందులో మామూలుగా 7 శాతమే. నూట నలభై కోట్ల భారతదేశానికీ అంతే, చిటికెడంత దేశానికీ అంతే. అందుకే మనవాళ్లు ప్రయారిటీ డేట్ (వరసలో తమ చోటు చెప్పే తేదీ) పట్టుకుని, ఏ తేదీవాళ్ల వంతు వచ్చిందో నెలనెలా చెప్పే వీసా బులెటిన్ చూస్తూ పదేళ్లకు పైగా కూర్చుంటారు. ఈలోగా వెంట తెచ్చుకున్న పిల్లలకు 21 నిండితే తల్లిదండ్రుల వరసలోంచి జారిపోయే ప్రమాదం. ఈ దేశం దిగజారిందని నాకనిపించేది ముఖ్యంగా దీన్ని చూసే. కాదనడం పాతదే, జవాబు చెప్పకుండా ఏళ్ల తరబడి నిలబెట్టడం కొత్తది.

అలాగని ఆ రోజులు మనకు బంగారు రోజులేం కాదు. 1917 చట్టం భారతదేశంతో సహా ఆసియాలో చాలా భాగానికి తలుపు మూసింది. 1923లో, భారతదేశం నుంచి వలస వచ్చిన భగత్ సింగ్ థింద్ కేసులో సుప్రీంకోర్టు భారతీయులకు పౌరసత్వ అర్హత లేదంది. 1946లో మళ్లీ తెరిచిన సందు ఏడాదికి వంద మంది భారతీయులకే.

ఎల్లిస్ ఐలాండ్ దక్షిణం వైపు ఆసుపత్రి భవనాలు చూడాలంటే హార్డ్ హ్యాట్ టూర్‌కి వేరే టికెట్ కావాలి. సుమారు గంటన్నర నడక. తలకు హెల్మెట్ వాళ్లిస్తారు, కాళ్లకు మూసిన బూట్లు మనమే వేసుకోవాలి. చెప్పులతో వెళ్తే రానివ్వరు. పెచ్చులూడిన గోడలు, ఆకులు పేరుకున్న వరండాలు. దుమ్ము, క్రిములు చేరకుండా గదుల మూలలను గుండ్రంగా కట్టారు. క్షయ వార్డులో ఒకచోట వాష్‌బేసిన్ మీది అద్దంలో, సరైన కోణంలో నిలబడితే, కిటికీ అవతలి లిబర్టీ విగ్రహం కనిపిస్తుంది. నిలబడిన చోటు నుంచి ఒక్క అడుగు పక్కకు జరిగినా పోతుంది.

తర్వాతి పడవ లిబర్టీ ఐలాండ్‌కి. కిరీటం దాకా ఎక్కాలంటే వారాల ముందే బుక్ చేసుకోవాలి. టికెట్ మీది పేరు, గుర్తింపు కార్డు మీది పేరు ఒకటే ఉండాలి. ఇంటిపేరు ముందో వెనకో అన్న తకరారు మనకు మామూలే కనుక కార్డు చూసి టైప్ చేయండి. సంచులు లాకర్లో పెట్టాలి. పీఠం పైనుంచి 162 మెట్లు, ఇరుకు మెలిక మెట్లు, లిఫ్టు లేదు. ఎండాకాలం లోపల ఉక్కపోత. దివిటీలోకి 1916 నుంచీ ఎవరినీ రానివ్వడం లేదు. ఆ ఏడాది జూలై 30న దగ్గర్లోని బ్లాక్ టామ్ ఆయుధ డిపో పేలి విగ్రహం చెయ్యి దెబ్బతింది, ఎల్లిస్ ఐలాండ్‌లోని రిజిస్ట్రీ హాలు పైకప్పు పాడైంది. తర్వాత వేసిన టైళ్ల కప్పు ఎంత గట్టిదంటే 1980ల్లో బాగుచేసినప్పుడు 17 టైళ్లే మార్చాల్సి వచ్చింది.

1965 అక్టోబర్ 3న అధ్యక్షుడు జాన్సన్ కొత్త వలస చట్టం మీద సంతకం పెట్టింది ఈ లిబర్టీ ఐలాండ్‌లోనే. అప్పటికి ఎల్లిస్ ఐలాండ్ మూతపడి పదకొండేళ్లు. మా అమ్మానాన్నలతో సహా ఎందరో తెలుగువాళ్లు విమానంలో రాగలిగారంటే ఆ సంతకం వల్లే. 2025 సెప్టెంబర్లో కొత్త హెచ్1బీ దరఖాస్తు మీద లక్ష డాలర్లు కట్టాలన్న ప్రకటన వచ్చింది. 1909లో ఎల్లిస్ ఐలాండ్ కమిషనర్, వచ్చేవాళ్ల చేతిలో కనీసం 25 డాలర్లు ఉండాలంటేనే పెద్ద గొడవైంది.

తిరుగు ప్రయాణంలో ఒక జాగ్రత్త. లిబర్టీ ఐలాండ్ నుంచి న్యూయార్క్‌కి ఒక వరస, న్యూజెర్సీకి ఒక వరస. బోర్డు చూడకుండా ఎక్కితే కారు ఒక ఒడ్డున, మీరు ఒక ఒడ్డున. ఆఖరి పడవ దాకా ఆగకండి, దాని ముందుదానికే వెళ్లి నిలబడండి. జెర్సీ వైపు దిగాక వెలుతురు మిగిలితే షెడ్డు దగ్గరికి మళ్లీ వెళ్లండి. సాయంత్రం ఎండ ఏటవాలుగా పడి, ఖాళీ ప్లాట్‌ఫారాల మీద స్తంభాల నీడలు పొడుగ్గా సాగుతాయి.