స్కేలు, కంపాస్‌తో చతురస్రం దాకా: మా పాపతో నా అనుభవం

మేం ఉండేది బెంగళూరులో, హూడి దగ్గర. మా పాప ఆరో తరగతి, సీబీఎస్ఈ. లెక్కలంటే భయం లేని పిల్లే. కానీ వృత్తాలు, చతురస్రాలు, దీర్ఘచతురస్రాలు గీసే పాఠం వచ్చేసరికి నోట్‌బుక్ నిండా ఎర్ర ఇంకు పడింది. వృత్తం మొదలైన చోటికి వచ్చి కలవదు, చతురస్రం నాలుగో మూల దగ్గర మూసుకోదు. చెరిపి గీసి, చెరిపి గీసి కాగితం చిరిగేది, పాపకి ఏడుపు వచ్చేది. ఇదే పాఠంతో తంటాలు పడుతున్న అమ్మానాన్నలు ఇంకా చాలామంది ఉంటారు కాబట్టి, మేం ఎలా గట్టెక్కామో రాస్తున్నాను.

ముందు పనిముట్ల సంగతి చూసుకోవాలి. సగం ఇబ్బంది అక్కడే ఉంది. కంపాస్ కాళ్లు వదులుగా ఉంటే, గీస్తుండగానే వ్యాసార్ధం మారిపోతుంది. 5 సెంటీమీటర్లతో బయల్దేరిన గీత 5.2 దగ్గరికి చేరుతుంది, ఇక అది ఎలా కలుస్తుంది? పైన ఉన్న స్క్రూ బిగించాను. పొడవాటి పెన్సిల్ తీసేసి చిన్న ముక్క పెట్టి, మొన బాగా చెక్కి, కాళ్లు రెండూ మూసినప్పుడు సూది మొన, పెన్సిల్ మొన ఒకే ఎత్తులో ఉండేలా సర్దాను. గట్టి బల్ల మీద సూది జారుతుంది కాబట్టి కాగితం కింద పాత న్యూస్‌పేపర్ మడిచి వేశాం. కాళ్లు పట్టుకుని తిప్పకుండా, పైన ఉన్న పిడిని రెండు వేళ్లతో పట్టుకుని, తిప్పే వైపుకి కాస్త వాల్చి తిప్పడం నేర్పించాను. స్కేలు అంచు అరిగిపోయి 0 గీత సరిగా కనబడకపోతే 1 నుంచి మొదలుపెట్టి, 5 కావాలంటే 6 దాకా తీసుకోవాలి. ఇంత చేశాక వృత్తాలు వాటంతటవే కలిశాయి.

అసలు మలుపు తర్వాత వచ్చింది. కంపాస్ అంటే గుండ్రంగా గీసేది అన్నంతవరకే పాపకి తెలుసు. దాని పెద్ద పని ఒక దూరాన్ని ఏమాత్రం మారకుండా మోసుకెళ్లడం. ఇది పిల్లలకి ఎక్కితే మిగతాదంతా తేలిక అని నా గట్టి నమ్మకం. అందుకే కంపాస్ పక్కన పెట్టించి, కాగితం మధ్యలో ఒక చుక్క పెట్టి, "దీనికి సరిగ్గా 4 సెంటీమీటర్ల దూరంలో ఎన్ని చుక్కలు పెట్టగలవో పెట్టు" అన్నాను. స్కేలుతో అటొకటి, ఇటొకటి పెడుతూ పోయింది. పది, పన్నెండు అయ్యేసరికి ఆగి, "అమ్మా, ఇది వృత్తమే కదా!" అంది. ఆ మాట తన నోటి నుంచే రావాలని కాచుకుని ఉన్నాను.

వెంటనే పుస్తకంలో ఉన్న ఇల్లు బొమ్మ తీశాం. గీతలన్నీ 5 సెంటీమీటర్లే ఉండాలి, పైకప్పు శిఖరం రెండు మూలలకీ 5 దూరంలో రావాలి. అంతకుముందు రోజు దాన్ని స్కేలుతో జరుపుతూ అందాజాగా పెట్టాలని చూసింది. ఇప్పుడు తనే ఒక మూల మీద సూది పెట్టి 5తో ఒక చాపం, రెండో మూల మీద పెట్టి ఇంకో చాపం గీసింది. రెండూ కోసుకున్న చోటే శిఖరం. అక్కడి నుంచి ఊపు వచ్చింది. వృత్తం గీసి, అదే వ్యాసార్ధంతో దాని చుట్టూ గుర్తులు పెట్టుకుంటూ వెళ్తే ఆరో గుర్తు సరిగ్గా మొదటి చోటికే వస్తుందని చూసి, ఆ సాయంత్రమంతా ఆరు రేకుల పువ్వులే గీసింది.

చతురస్రం మాత్రం అంత సులువుగా లొంగలేదు. చూడ్డానికి తేలిగ్గా ఉంటుంది గానీ నాలుగు భుజాలు, నాలుగు లంబకోణాలు ఒకేసారి కుదరాలి. ప్రాచీన గ్రీకు గణితవేత్త యూక్లిడ్ కూడా తన జ్యామితి గ్రంథం మొదటి పుస్తకంలో 46వ ప్రతిపాదన దాకా వచ్చాకే చతురస్రం గీశాడు. ప్రొట్రాక్టర్‌తో 90కి బదులు 91 పెడితే 6 సెంటీమీటర్ల ఎత్తున మూల దాదాపు ఒక మిల్లీమీటరు పక్కకి పోతుంది. నాలుగు మూలల్లోనూ అలా కొలుస్తూ వెళ్తే చివరి గీత కలవదు. కాబట్టి కోణం ఒక్కసారే పెట్టమన్నాను. 6 సెంటీమీటర్ల అడుగు గీత, ఒక కొన మీద లంబం, దాని మీద కంపాస్‌తో 6కి కోత. ఆ కోత నుంచి 6తో ఒక చాపం, అడుగు గీత రెండో కొన నుంచి 6తో ఇంకో చాపం. అవి కోసుకున్నదే నాలుగో మూల.

ఇక సరి చూసుకోవడం. "నాలుగు భుజాలూ ఆరే ఉన్నాయి, ఇంకేం చూడాలి?" అంది పాప. నాలుగు చీపురు పుల్లలు సమానంగా విరిచి, కొనల్ని దారంతో కట్టి చేతికిచ్చాను. పక్కకి నొక్కితే వాలిపోయింది. భుజాలు మారలేదు గానీ చతురస్రం పోయింది. కర్ణాల్లో, అంటే ఎదురెదురు మూలల్ని కలిపే గీతల్లో, ఒకటి పొడవైంది, ఒకటి పొట్టిదైంది. అప్పటి నుంచి గీసిన ప్రతిదానికీ రెండు కర్ణాలూ కొలుస్తోంది. 6 సెంటీమీటర్ల చతురస్రానికి రెండూ సుమారు 8.5 రావాలి.

దీర్ఘచతురస్రానికి ఇంకా అందమైన దారి ఉంది. వృత్తం గీసి, కేంద్రం గుండా ఎలాగైనా సరే రెండు వ్యాసాలు గీసి, నాలుగు కొనలూ కలపండి. ఎప్పుడు గీసినా దీర్ఘచతురస్రమే వస్తుంది, ఎందుకంటే కర్ణాలు సమానం, మధ్యలో ఒకదాన్నొకటి సగం చేసుకుంటాయి. పాప రెండో వ్యాసాన్ని కొంచెం కొంచెం తిప్పి గీస్తూ పోయింది. సన్నగా ఉన్న పెట్టె లావవుతూ వచ్చి, వ్యాసాలు లంబంగా కలిసేసరికి చతురస్రమైంది. కోణాలు కొలవకుండానే వచ్చింది! ఆ లంబాన్ని కూడా కంపాస్‌తోనే వేశాం. మొదటి వ్యాసం రెండు కొనల నుంచి, వ్యాసార్ధం కన్నా ఎక్కువ దూరంతో పైనా కిందా చాపాలు గీసి, కోతలు రెండింటినీ కలిపితే చాలు.

ఆ వారంలోనే మా వీధి చివర ఒక 30×40 సైటులో కాంపౌండ్ గోడకి ముగ్గు పోస్తున్నారు. మేస్త్రిది మదనపల్లె వైపు. పాప గోల భరించలేక తీసుకెళ్లాను. "అన్నా, మూల సరిగా ఉందని ఎట్లా తెలుస్తుంది? పాప చూడాలంటోంది" అన్నాను. ఆయన విసుక్కోకుండా, మూల దగ్గర మేకుకి కట్టిన రెండు దారాల మీద ఒకవైపు 3 అడుగులు, ఇంకోవైపు 4 అడుగులు గుర్తు పెట్టి, టేపు కొన పాప చేతికిచ్చాడు. "నీదాంట్లో ఎంత ఉంది పాపా?" సరిగ్గా 5. 3, 4 గుర్తుల మధ్య దూరం 5 వస్తే ఆ మూల లంబకోణమే. తర్వాత సైటు మొత్తానికి ఈ మూల నుంచి ఆ మూలకి టేపు లాగారు, 50. రెండో జతకీ 50. "రెండు పక్కలా యాభై వస్తే ఇంక తిరుగులేదు" అన్నాడు. వేల ఏళ్ల కిందట బౌధాయనుడు యజ్ఞవేదికల కోసం చెప్పిన తాళ్లు, మేకుల కొలతల్లో కూడా ఈ 3, 4 భుజాల జత ఉంది. ఇలాంటివే 5, 12 జత, 8, 15 జత కూడా ఉన్నాయి.

ఇంటికొచ్చి 5 అడుగులకి ఒక సెంటీమీటరు లెక్కన ఆ సైటుని కాగితం మీదికి తెచ్చాం. ఈసారి భుజం 6, కర్ణం 10 మాత్రమే ఇచ్చి రెండో భుజం చెప్పలేదు. ఇలాంటి లెక్కల దగ్గరే అంతకుముందు బిగుసుకుపోయేది. 6 గీసి, ఒక కొన మీద లంబం లేపి, రెండో కొన మీద సూది పెట్టి 10తో చాపం గీసింది. లంబాన్ని కోసిన చోటు కొలిస్తే 8 వచ్చింది. "అంటే 40 అడుగులు!" అని తనే చెప్పింది. చాపాలు చెరపబోతుంటే ఆపాను. ఎలా గీశారో చూపించేవి అవే, పరీక్షలో కూడా వాటిని ఉంచాల్సిందే.

తర్వాత 40×60 సైటుకి మూల నుంచి మూలకి ఎంత రావాలని తనే అడిగింది. 8, 12 భుజాలతో గీసి కొలిస్తే కర్ణం 14.4 వచ్చింది, అంటే 72 అడుగులు. ఫోన్‌లో లెక్క కట్టి చూస్తే 72.11. ఆ కాగితం మేస్త్రికి చూపించాలని పాప ఆదివారం కోసం చూస్తోంది.